మీ తమ్ముడి అన్నం, మాత్రలు

ఏవండీ,

పామర్రులో అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చింది, పొద్దున్నే బస్సుకి వెళ్తున్నాను. రేపు సాయంత్రానికి వస్తాను. అన్నం, పప్పు వండి పెట్టాను.

కరుణాకర్‌కి అన్నం పెట్టాకే మాత్ర ఇవ్వండి. మింగేదాకా పక్కన కూర్చోండి. మీ సొంత తమ్ముడే, కరవడు. "ప్రార్థన చేశాం, ఇంక మందులు మానేయొచ్చు" అంటూ మీ సంఘం వాళ్లొస్తే గుమ్మంలోంచే పంపించేయండి. అంత విశ్వాసం ఉన్న తమరు షుగరు మాత్ర ఒక్కపూట కూడా మానరేం?

ఆఫీసుకి వెళ్తూ బయట గడియ పెట్టొద్దు. జైల్లో అతనికి వేసిన తాళాలు చాలు. పిచ్చోడి చేతికి అందకూడదని నిన్న కత్తిపీట బీరువాలో దాచారు చూడండి, అది తీసి వంటింట్లో పెట్టండి. రోజూ తమరి ఆమ్లెట్‌కి ఉల్లిపాయలు తరిగేది ఆ పిచ్చోడే. సోమవారం ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను, ఎవరైనా చూస్తారేమోనని మీకు చెమటలు పట్టక్కర్లేదు.

ఇంకోమాట. మిమ్మల్ని "సార్" అంటున్నాడు, జబ్బు ముదిరిందని డాక్టరుకి చెప్పమన్నారు కదా. డాక్టరుదాకా ఎందుకని అతన్నే అడిగాను. పోయిన క్రిస్మస్‌కి సంఘం తరఫున జైలుకెళ్లి ఖైదీలకి కేకులు పంచారే, ఆ ఫొటో ఇంకా మన హాల్లోనే వేలాడుతోంది. ఆరోజు ఖైదీల వరసలో నిలబడి తను "అన్నా" అని పిలిస్తే, పక్కన పాస్టరుగారున్నారని "సార్ అనరా" అని గొణిగారట.

"ఇంట్లో ఏమని పిలవాలో అన్న ఇంకా చెప్పలేదు వదినా" అంటున్నాడు.