కెప్టెన్ సీటు, ఆదివారం సెలవు

శుక్రవారం రాత్రి, చొప్పదండి

ప్రభువా, నా వంకర రాతనూ తప్పులనూ క్షమించు. నాది ఐదో తరగతి చదువని నీకు తెలుసు.

సాయంత్రం మనవరాలు సునీత ఫోన్ చేసింది. విమానాల కంపెనీలో ఆమెకు కెప్టెన్ సీటు వచ్చిందట. సంతోషంతో నీకు స్తోత్రాలు చెప్పడం మొదలుపెట్టాను.

"జర ఆగు తాతా. కోపైలట్లల్ల నేను సీనియర్‌ని, అడిగిన ఆదివారం సెలవిస్తరు. కెప్టెనయితే మళ్ల ఆళ్ల లిస్టుల అందరికన్న కింద ఉంట. ఇగ ఆదివారాలు చర్చికి రాలేను," అంది. తీసుకుంటుందో లేదో సోమవారంలోపు రాసివ్వాలట.

నేను బస్సు నడిపిన డిపోలోనూ అంతే. నాకు కంట్రోలర్ పోస్టు వచ్చినప్పుడు ఆదివారం చర్చి పోతుందని వద్దన్నాను. నా తర్వాత చేరిన యాదగిరి ఆ కుర్చీలో కూర్చుని నా బస్సుకు టైం రాసేవాడు. "ఏం మామా, గియ్యాల గూడ లేటేనా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొస్తే అన్నం సయించేది కాదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇవాళ సునీతకు చెప్పాను.

"మరి చర్చిల నీ పక్కన ఎవరు కూసుంటరు?" అంది.

"నా పక్కన జాగ యాడికి పోదు బిడ్డా. సీటు మళ్ల ఎప్పుడొస్తదో."

ఆమె నవ్వింది, ఏమీ తేల్చలేదు. నా మనసు మాత్రం తేలికైంది.

ప్రార్థనకు కూర్చున్నాను గానీ ఏమడగాలో తెలియడం లేదు. ఆమె కెప్టెన్ కావాలనీ ఉంది, ఆదివారం రావాలనీ ఉంది. రెండూ అడగడం అత్యాశయితే మొదటిదే ఇవ్వు. జవాబు మాత్రం సోమవారంలోపు చెప్పు ప్రభువా.