మేనల్లుడని రాస్తానన్నాడు

ఆగస్టు 4, సోమవారం

తొమ్మిదేళ్ళు ఒకే షెడ్డులో అచ్చు వేశాను. ఈ రోజు మావయ్య "నువ్వు నా దగ్గర పనిచేస్తున్నావని కాగితం మీద రాయలేను" అన్నాడు.

జూన్‌లో ఇస్తానన్నాడు. అందరి ముందు, భుజం మీద చెయ్యి వేసి మరీ — "ఓస్, లెటరేగా! దానికేముందిరా."

అడిగింది నాలుగు వాక్యాలు. ఫలానా ప్రసన్నకుమార్ నా కలంకారీ షెడ్డులో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. అచ్చులు వేస్తాడు. అక్టోబరు నుంచి ఐదు నెలలు సెలవు ఇచ్చాను. వచ్చాక మళ్ళీ పనిలో పెట్టుకుంటాను. కింద సంతకం. అది లేకుండా జపాన్ వీసాకి ఫైలు పెట్టడం దండగ.

"ఆడిటర్ వద్దంటున్నాడు అల్లుడూ. ఇవాళ నీకు రాస్తే రేపు షెడ్డులో అందరికీ రాయాలి. పీఎఫ్ అంటారు, ఈఎస్ఐ అంటారు. తాళం వేసుకుని పోవాలి నేను."

ఆయన నాకు మావయ్యేం కాదు. పెడనలో పెద్దవాళ్ళందరూ ఎవరికో ఒకరికి మావయ్యలే. చేరిన రోజు 'వీరభద్రయ్య గారూ' అంటే ఆయనే ఆపాడు. "గారేంట్రా, మావయ్యా అను. మనం మనం ఒకటి."

ఆగస్టు 5

వాన. గుడ్డ ఆరదు. పని లేదు.

కాగితాలన్నీ మంచం మీద పరిచాను. పాస్‌పోర్టు ఉంది. వియత్నాం వీసా వచ్చింది — ఫోన్‌లో నేనే పెట్టుకున్నాను, ఎవరినీ అడగలేదు. లావోస్‌ది సరిహద్దులో వేస్తారట. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటానో జాబితా — ఇంగ్లీషులో, ఆరు పేజీలు, నేను రాసిందే. పదో తరగతి తర్వాత నాకు ఇంగ్లీషు ఎవరూ చెప్పలేదు. ఫోన్ చెప్పింది, బందరు లైబ్రరీలో చిరిగిన డిక్షనరీ చెప్పింది.

అన్నీ ఉన్నాయి. నేను ఏం చేసి బతుకుతున్నానో చెప్పే కాగితం తప్ప.

ఆగస్టు 7, గురువారం

గుడివాడ. పొద్దున ప్యాసింజర్‌లో వెళ్ళాను. వీసా ఫైళ్ళు పెట్టించే ఝాన్సీ మేడం ఆఫీసు స్టేషన్ దగ్గరే, సెల్‌ఫోన్ షాపు మీద. గోడలనిండా కోటు వేసుకున్న విద్యార్థుల పోస్టర్లు. ఆవిడ రోజూ పంపేది వాళ్ళనే. నాలాంటి కేసు ఆవిడకి ఇదే మొదలు.

పోయిన నెల మొదటిసారి వెళ్ళినప్పుడు — "బ్యాక్‌ప్యాకింగా? అదేం కోర్సు బాబూ?"

"కోర్సు కాదండీ. సంచి తగిలించుకుని తిరగడం."

"తిరిగి?"

"తిరిగి రావడం."

అప్పుడు నవ్వింది. ఈ రోజు నవ్వలేదు. లెటర్ రాలేదని చెప్పగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు బాబూ. పెళ్ళి కాలేదు, పొలం లేదు, ఆఫీసు ఉద్యోగం లేదు. నువ్వు ఊరికే చూడ్డానికి వెళ్తున్నానంటే ఆ కౌంటర్‌లో వాళ్ళు నమ్మాలి కదా. అక్కడే ఉండిపోతావనుకుంటారు."

"పొలం ఉన్నోడికే చూడాలనుంటుందా అండీ?"

"నా మీద అరుస్తావేంటయ్యా! నేనా వీసా ఇచ్చేది?"

సారీ చెప్పాను. ఆవిడ తప్పేం లేదు. ఎవరి తప్పూ లేకుండానే నా పని ఆగిపోతుంది ప్రతిసారీ.

ఫారంలో వృత్తి అన్న చోట 'బ్లాక్ ప్రింటర్' అని రాశాను. "జిరాక్స్ షాపు అనుకుంటారు" అని కొట్టేసి, 'కలంకారీ టెక్స్‌టైల్ ఆర్టిసన్' అని రాసింది. బాగుంది చదవడానికి. నేను కాదు, ఇంకెవడో.

హైదరాబాద్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ సెప్టెంబరు 1, సోమవారం. అది దాటితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదంది. ముందే కొన్న అక్టోబరు విమానం టికెట్ మాత్రం ఆగదు.

ఆగస్టు 9

ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే. గల్ఫా? మలేషియానా? ఎవరు పిలుస్తున్నారు? ఎంతిస్తారు?

ఊరికే వెళ్తున్నానంటే ముఖాలు మారిపోతాయి. ఏదో దాస్తున్నాననుకుంటారు.

ఫోన్‌లో ఒక వీడియో చూశాను, మూడేళ్ళ కిందట. ఒకతను వీపున సంచితో సముద్రం పక్క రోడ్డు మీద నడుస్తుంటాడు. మాట్లాడడు. ఏమీ అమ్మడు. వాన వస్తే ఆగుతాడు, తగ్గితే నడుస్తాడు. జపాన్‌లో ఏదో దీవి. మంగినపూడి బీచ్‌కి వెళ్ళి నేనూ నడిచాను ఆ ఆదివారం. అరగంటలో ఇద్దరు తెలిసినవాళ్ళు బండి ఆపారు — "ఏరా, బండి చెడిపోయిందా?"

అంతే. ఇంతకంటే కారణం లేదు. రాసుకోవడానికి కూడా లేదు.

ఆగస్టు 11, సోమవారం

ఎండ కాసింది. పన్నెండు గంటలు అచ్చు. అరచేతి మొదలు వాచింది.

మధ్యాహ్నం కొనేవాళ్ళు వచ్చారు, ఢిల్లీ నుంచి ఒకామె, ఆమెతో ఎండకి ఎర్రబడ్డ తెల్లాయన ఒకడు. నా చేతులు ఫొటో తీసుకున్నారు. ముఖం వద్దన్నారు, చేతులు చాలట. "వీళ్ళంతా ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగింది.

మావయ్య రెండు చేతులూ చాచాడు. "ఆల్ ఫ్యామిలీ, మేడం! ఆల్ మై ఫ్యామిలీ!"

ఆమె ముఖం ఎంత కరిగిపోయిందో. అదే ముక్క రేపు గుడ్డకి కట్టే చీటీ మీద ఉంటుంది.

నాకు ఇంగ్లీషు అర్థమవుతుందని మావయ్యకి తెలుసు. అయినా అన్నాడు. అబద్ధమని ఆయన అనుకోవడం లేదేమో. అదే భయంగా ఉంది.

ఆగస్టు 13

లోపలికి పిలిచాడు. కాఫీ తెప్పించాడు. కాఫీ వచ్చిందంటేనే ఏదో ఉంది.

"నీ గురించి పడుకోలేదురా రాత్రంతా. ఒకటి తట్టింది. పనోడని రాస్తే కదా తంటా? మేనల్లుడని రాస్తాను. మా సొంత అక్క కొడుకు, మా ఇంట్లోనే ఉంటాడు, ఖర్చంతా నాది అని. నా ఐటీ రిటర్న్‌లు పెడతాను. ఇక ఎవడాపుతాడు నిన్ను?"

"అబద్ధం కదా మావయ్యా."

"ఏది అబద్ధం? తొమ్మిదేళ్ళుగా ఏమని పిలుస్తున్నావు నన్ను? ఇప్పుడు కూడా ఏమన్నావు?"

కాఫీ తాగేశాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. అవనిగడ్డ వెళ్ళాను, అక్క దగ్గరికి. పులిగడ్డ వారధి మీద బస్సు నిదానంగా పోయింది. కింద కృష్ణ ఎర్రగా, నిండుగా. కిటికీ పక్క ముసలాయన ఏదో లంక పేరు చెప్పి, అక్కడ అరటితోట మునుగుతుందన్నాడు. మునిగితే ఏం చేస్తారు అంటే, "చూస్తాం" అన్నాడు.

అక్క మందుల షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం అన్నం పెడుతూ మొత్తం విన్నది.

"తీసుకోరా ఆ లెటరు. అబద్ధమంట! మన రేషన్ కార్డులో నేను నీకంటే చిన్నదాన్ని, తెలుసా? ఎవడన్నా పట్టుకున్నాడా?"

"రేషన్ షాపువాడు ఫోన్ చేసి అడగడు కదక్కా. వీళ్ళు అడుగుతారు. దొరికితే మళ్ళీ కొన్నేళ్ళదాకా రానివ్వరు."

"అడిగితే మీ మావయ్య చెప్తాడు, మేనల్లుడే అని. ఆయనకి నోరు తిరగదా?" పులుసు వడ్డిస్తూ — "నీకు వెళ్ళడం కావాలా, గెలవడం కావాలా? అది తేల్చుకో ముందు."

చేపల పులుసు బాగా చేసింది. తినలేకపోయాను.

ఆగస్టు 18, సోమవారం

తీసుకున్నాను.

షెడ్డు పేరు లేని తెల్ల కాగితం. కింద ఆయన పేరుతో నీలం స్టాంపు, సంతకం. 'మై ఓన్ సిస్టర్స్ సన్.' ఇంగ్లీషులో రెండు తప్పులు. నేనే దిద్ది మళ్ళీ టైపు చేయించి సంతకం పెట్టించుకున్నాను. నా అబద్ధానికి స్పెల్లింగులు నేనే సరిచేసుకున్నాను.

ఝాన్సీ మేడం ఫోన్‌లో — "బంగారంలా ఉంది ఫైలు. సగంమంది మేనల్లుళ్ళే వెళ్తారు బాబూ. చుట్టరికం రుజువు అడిగితే ఏదో ఒకటి చూద్దాంలే."

మడిచి పాస్‌పోర్టులో పెట్టాను. చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నాను. తేలిగ్గా ఉంది నిజం చెప్పాలంటే. చాలా రోజుల తర్వాత ఆ వీడియో మళ్ళీ చూశాను.

ఆగస్టు 20, బుధవారం

షెడ్డులో గుడ్డకి రంగు ఉడికించి ఉతికే యేసుపాదం బాబాయ్ కాలు కాలింది.

రంగు ఉడికే రాగి బాన. దాని కింద ఇనప స్టాండు ఒక కాలు వంకరగా ఉందని చలికాలం నుంచి చెబుతున్నాడు. బాన ఒరిగింది. మరుగుతున్న ఎర్ర నీళ్ళు మోకాలి నుంచి పాదం దాకా. ఆ ఎరుపులో ఏది రంగో ఏది చర్మమో తెలియలేదు. అరవలేదు ఆయన. "ప్రభువా, ప్రభువా" అంటూ కూర్చుండిపోయాడు.

మావయ్య కారులో బందరు తీసుకెళ్ళాం. ఆస్పత్రి కౌంటర్‌లో అమ్మాయి రాసుకుంటోంది.

"ఎక్కడ జరిగిందండీ?"

"ఇంట్లోనమ్మా. స్నానానికి నీళ్ళు కాగబెట్టుకుంటుంటే" — మావయ్య.

"పేరు?"

"యేసుపాదం."

"మీరేమవుతారండీ?"

"చుట్టం."

ఆ అమ్మాయి తలెత్తింది. మావయ్య నుదుటి మీద విభూది రేఖలు చూసింది. "యేసుపాదం మీకు చుట్టమా అండీ?"

"వరసకమ్మా, వరసకి."

నేను పక్కనే ఉన్నాను. నా చేతులకి కూడా ఆ రంగే ఉంది. షెడ్డులో జరిగింది, పనిలో జరిగింది, ఈయన ఓనరు — మూడు ముక్కలు. నోరు తెరిస్తే చాలు.

తెరవలేదు. జేబులో కాగితం ఉంది కదా.

ఆగస్టు 21

ఏం రాయను.

ఆగస్టు 23, శనివారం

బాబాయ్‌ని ఇంటికి పంపారు. కాలికి కట్టు, మంచం కింద బకెట్టు. పిన్ని విసురుతోంది. కరెంటు లేదు.

మావయ్య వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళాడట. ఆస్పత్రి ఖర్చు తనే కట్టాడట. "మంచోడేరా" అంటున్నాడు బాబాయ్. కాలు పూర్తిగా వంగుతుందో లేదో డాక్టర్ చెప్పలేదు. వంగకపోతే కాలవలో దిగి గుడ్డ ఉతకలేడు. ఉతకలేకపోతే షెడ్డులో ఆయనకి ఏ పనీ లేదు. ఆ కాలు పనిలో కాలిందని ఎక్కడా లేదు. ఇంట్లో స్నానం నీళ్ళతో కాలింది.

"నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను బాబాయ్, ఆస్పత్రికి పోయి."

లేచి కూర్చున్నాడు. నొప్పికి పళ్ళు బిగించి — "నా పేరెత్తకు. నీకు దణ్ణం పెడతా. నువ్వు సంచేసుకుని పోతావు. కాలు మానాక పని కోసం ఆ గేటు ముందు నిలబడాల్సింది నేనూ, నా కొడుకూ."

పిన్ని విసరడం ఆపి నావైపు చూసింది. ఆ చూపు రాయడం నాకు రాదు.

ఆగస్టు 25, సోమవారం

లెటర్ తిరిగి ఇచ్చేశాను. మావయ్య బల్ల మీద పెట్టాను, అచ్చు వేసే బల్ల మీద కాదు, లెక్కల బల్ల మీద.

"ఏంట్రా ఇది?"

"ఇది వద్దండీ. మొదట అడిగింది ఇవ్వండి."

'అండీ' అన్నానని ఆయనకి ముందు అర్థమైంది. మిగతాది తర్వాత.

"నీకేం లోటు చేశాన్రా నేను? నీకు జ్వరమొస్తే మా ఇంటి నుంచి జావ రాలేదా?"

వచ్చింది. కాదనను. అత్తయ్య స్వయంగా తెచ్చింది.

"జావ వచ్చిందండీ. పేరే రాలేదు ఎక్కడా."

"బయటికి పో" అన్నాడు. షెడ్డులో అచ్చుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ నా వైపు చూడలేదు. బయట పంపు దగ్గర మా బల్ల మీద పనిచేసే సుబ్బారావు అన్నాడు — "నీ షికారు కోసం మా నోటి దగ్గర కూడు తీయకు." కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు. నాకు టికెట్ ఉంది. వాడన్నది తప్పని కూడా గట్టిగా అనలేను.

ఆగస్టు 26

ఝాన్సీ మేడం ఫోన్‌లో తిట్టింది. "బంగారంలాంటి ఫైలు! నీ చేత్తో నువ్వే..." తర్వాత గొంతు తగ్గించి — "లెటర్ లేకుండా కూడా పెట్టొచ్చు. వృత్తి, పనిచేసే చోటు, ఓనరు ఫోన్ నంబరు రాసి పెట్టు. వాళ్ళు ఫోన్ చేసి కనుక్కోవచ్చు, కనుక్కోకపోవచ్చు. నేను మాత్రం ఆశ పెట్టను బాబూ."

ఆగస్టు 27, బుధవారం

చవితి. షెడ్డుకి సెలవు. వీధి చివర పందిట్లో మైకు, చెవులు పోతున్నాయి.

రేపు పొద్దున ఆయన చేతికి ఇవ్వాల్సింది ఇక్కడ ముందు రాసుకుంటున్నాను. నాలుగుసార్లు కొట్టేశాను. బాబాయ్ పేరు రాయలేదు. వద్దన్నాడు. అందుకూ కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

వీరభద్రయ్య గారికి,

నేను మీ షెడ్డులో తొమ్మిదేళ్ళుగా అచ్చు వేస్తున్నాను. ఇది మీకు తెలుసు, నాకు తెలుసు, పెడన మొత్తానికి తెలుసు. సోమవారం హైదరాబాద్‌లో ఫారం మీద ఈ మాటే రాస్తున్నాను. పనిచేసే చోటు అన్న దగ్గర మీ షెడ్డు పేరు, కింద మీ ఫోన్ నంబరు. వాళ్ళు మీకు ఫోన్ చేయవచ్చు. ప్రసన్నకుమార్ ఎవరు అని అడుగుతారు.

వాళ్ళకి చెప్పబోయేది ముందు నాకు చెప్పండి. పనివాడినే అయితే ఆ నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. కాదంటే, వీడు నా దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు అని అదే కాగితం మీద రాసి, అదే సంతకం పెట్టండి. నోటి మాట తీసుకోను. ఎవరితోనో కబురు పంపితే వినను.

29వ తేదీ, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటల లోపు. గేటు బయట ఉంటాను.