మగ్గం ఆగితే

సిద్దిపేట, శుక్రవారం రాత్రి, 1991

అక్క కూతురు సుజాతను కోర్టు ఈరోజు బావకే ఇచ్చింది. అక్కతో పాటు మా ఇంటికొచ్చేసిన పిల్లను ఆదివారం అప్పగించాలట. అక్కను కొట్టేవాడన్న సంగతి జడ్జి కాదనలేదు. పిల్ల ఒంటి మీద మాత్రం దెబ్బ లేదు, మగ్గం మీద సంపాదన ఉంది, తండ్రే సంరక్షకుడు అన్నారు. సంఘంలో కరపత్రాలు పంచే అలవాటుతో నేను లేచి అరవబోతే, మా వకీలు నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"నీ కరపత్రాలు గీడ నడవయి తమ్మీ. గాయన కొట్టింది పెండ్లాన్ని, బిడ్డను గాదు."

ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

సాయంత్రం సుజాత అన్నం తింటుండగా పక్కింటి మగ్గం చప్పుడు ఆగింది. ముద్ద వదిలేసి లేచి, అక్క చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"ఎందుకే బిడ్డా?"

"మగ్గం ఆగింది గద మామా. బాపు లేస్తడు. అమ్మ ఉరకాలె."

"గది పక్కింటోళ్ల మగ్గం. మీ బాపు ఈడ లేడు."

తలూపింది. చెప్పులు మాత్రం తీయలేదు.

ఇదంతా రాసి పై కోర్టుకు పోవాలి. వకీలేమో సోమవారం రమ్మన్నాడు. ఆదివారం అంతకంటే ముందే వస్తుంది. అక్క లేని ఆ ఇంట్లో మగ్గం ఆగినప్పుడు, ఈ పిల్ల చెప్పులు ఎవరు తెచ్చి పెడతారు...