ఎత్తిన చెయ్యి

స్టేడియం మేనేజర్ గారికి, మీ గోడ మీద ఆటగాళ్ల బొమ్మలు వేసే పెయింటర్ నమస్కరించి రాసుకునేది.

మీరు చెప్పినట్టే ఆ పరుగుపందెం అమ్మాయి బొమ్మ నిన్న చెరిపేశాను. కాల్పుల్లో పోయిన మిల్లు కూలీల కోసం పతకం అందుకునేటప్పుడు చేతికి నల్లగుడ్డ కట్టుకుందని జనం భగ్గుమన్నారు కదా. ఒక పూతకి ఆ పిల్ల కళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. రెండో పూత వెయ్యాల్సొచ్చింది.

పక్కనే మా బావ బొమ్మ ఉంది. మా అక్క దవడ విరగ్గొట్టి ఆయన జైలుకెళ్లినప్పుడు, అది చెరిపేద్దామని మీ దగ్గరకొచ్చాను. "ఇంటి గొడవ రచ్చకీడుస్తావేంటయ్యా? ఆట వేరు, మనిషి వేరు" అన్నారు. ఆయన తిరిగొచ్చి గోల్ కొట్టినరోజు జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. దాచడమెందుకు, అలవాటుకొద్దీ నేనూ కొట్టాను.

అక్క రోజూ ఆ గోడ పక్కనుంచే పనికెళ్తుంది. బొమ్మలో ఆయన పైకెత్తిన కుడిచెయ్యి ఉన్నచోటికి తను రాగానే, ఇప్పటికీ మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

డబ్బాలో తెల్లరంగు ఇంకా మిగిలింది. బొమ్మంతా వద్దులెండి, జనం ఊరుకోరు. ఆ చెయ్యి ఒక్కటి చెరపనివ్వండి.