ప్రభువు బల్ల కప్పులు

ప్రియమైన మావారికి,

ప్రభువు నామంలో మీ ఇంటావిడ వందనాలు. మామయ్యగారూ నేనూ ఒంటికి క్షేమమే. మనసు సంగతంటారా, ఈ ఉత్తరమంతా అదే. అక్కడ మీరు వేళకు తింటున్నారనీ, మా గురించి బెంగ పెట్టుకోవడం లేదనీ తలుస్తాను.

ముందు మీరడిగినవి చెబుతాను. మామయ్యగారి మోకాలు కాస్త నయం. గుడి గంట కొట్టే పని మాత్రం ఇంకొకరికి ఇవ్వరు, ఎవరైనా ఆ తాడు ముట్టుకుంటే కళ్లెర్రజేస్తారు. కుట్టుమిషనుకు కొత్త బెల్టు వేయించాను. ఇప్పుడది నాకంటే తక్కువ అరుస్తోంది, మీరు సంతోషించవచ్చు. ఇక, మీ ఫ్యాక్టరీ నుంచి గుడికి కానుకగా పంపిన ప్లాస్టిక్ కప్పుల పెట్టె చేరింది. దాన్ని నేను గుడికి ఇవ్వలేదు, తిరిగి మీకే పంపుతున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో, ఫోను మోగితే చాలు మామయ్యగారు వచ్చి పక్కనే కూర్చుంటారు. ఆయన ముందు ఈ మాటలు నాకు నోట రావు.

మొన్నటి వానలకు గుడి వెనక పల్లంలో ఉన్న సందు మునిగిపోయింది. ఇస్త్రీ అక్క తెలుసుగా, మీ పెళ్లి కోటు కాల్చి మళ్లీ మిమ్మల్నే తిట్టిన మనిషి, ఆమె గదిలో నడుముదాకా నీళ్లు. జనం ఇస్త్రీకిచ్చిన బట్టలన్నీ బురదపాలు. అయ్యో పాపం అనాల్సింది పోయి మన సంఘ పెద్దలు ఏం చేశారో తెలుసా? సందువాళ్లు చెత్త పోసి తూము పూడ్చేశారనీ, అందుకే గుడి గోడ కూడా నాని బీటలు తీసిందనీ, వాళ్లను అక్కణ్ణుంచి ఖాళీ చేయించమనీ మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. పాస్టర్‌గారే సంతకం చేశారు.

ఆ వచ్చిన ఆదివారం సృష్టిని కాపాడుకోవడం గురించి ప్రత్యేక ఆరాధన. నిజం చెప్పొద్దూ, ప్రసంగం బాగుంది. దేవుడు మనిషిని తోటలో పెట్టింది పళ్లు తినడానికే కాదు, దాన్ని కాయడానికి కూడా అన్నారు పాస్టర్‌గారు. నీళ్లూ నేలా పాడుచేసి, ఆపైన చేతులెత్తి స్తోత్రం చెబితే సృష్టికర్త ఏ ముఖం పెట్టుకుని వినాలి అని అడిగారు. నాకు కళ్లు చెమర్చాయి. ఆరాధన అవగానే చీపుళ్లూ పారలూ పట్టుకుని అందరం సందులోకి దిగాం, వాళ్లకు శుభ్రత నేర్పడానికి! మీ ఆవిడ కొంగు బిగించి అందరికంటే ముందుంది. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారే, అచ్చం అలాగే.

"మా చెత్త మేం ఎత్తుకోగలంలే చెల్లెమ్మా," అంది ఇస్త్రీ అక్క గుమ్మంలో నిలబడి. "ఆరాక వచ్చారు. మునిగినప్పుడెక్కడున్నారు?"

నాకు చురుక్కుమంది గానీ, నవ్వేసి ఊరుకున్నాను.

పైపుల మేస్త్రీ తూములోకి పొడుగాటి ఇనపచువ్వ దూర్చి లాగాడు. ఏదో కదిలింది. మళ్లీ గట్టిగా లాగాడు. భళ్లున నీళ్లు ఎగదన్నాయి, వాటితోపాటు కప్పులు. బొటనవేలంత కప్పులు! వస్తున్నాయి, వస్తూనే ఉన్నాయి. కాలవ తెల్లబడిపోయింది. నా పాదాల చుట్టూ చేరి తేలుతుంటే ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అడుగున ఎర్రటి మరక. నెలనెలా ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగే కప్పులండీ అవి. ఇన్నేళ్లుగా మీరు పంపుతున్నవి.

"ఇంతింత గ్లాసుల్లో ఎవరు తాగుతారే? పిచ్చికలా?" అంది ఇస్త్రీ అక్క.

సంఘమంతా తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. చివరికి పాస్టర్‌గారు గొంతు సవరించుకుని, "మందు పోసిచ్చే గ్లాసుల్లా ఉన్నాయి. మీవాళ్లే ఏ ఆసుపత్రి నుంచో తెచ్చి పారేసి ఉంటారు," అన్నారు.

నేను నిర్ఘాంతపోయాను. నెలనెలా ఆ కప్పుల్ని మనకు అందించేది ఆ చేతులే కదండీ! కొద్దిసేపటి క్రితం నన్ను ఏడిపించిన నోరూ అదే.

ఇంటికొచ్చి మామయ్యగారిని అడిగాను. బల్ల అయ్యాక కప్పులన్నీ సంచిలో వేసుకెళ్లేది ఆయనే కదా. కాల్చేస్తున్నారనుకునేదాన్ని.

"కాల్చడమేంటి అమ్మాయ్!" అన్నారాయన నొచ్చుకుని. "ప్రభువు రక్తానికి గుర్తుగా తాగిన కప్పులు. చెత్తకుండీలో వేస్తే కుక్కలు లాగవా? గుడి వెనక పాతబావి ఉందిగా, బండ కాస్త జరిపి అందులో వేస్తాను. ఊరికే కాదు, ప్రార్థన చేసి మరీ వేస్తాను."

భక్తితో వేశారు, ఏళ్ల తరబడి వేశారు. బావి నిండితే నీళ్లు పోయే పాత దారి ఆ తూములోకే ఉందని ఇంటికొచ్చేటప్పుడు పైపుల మేస్త్రీ నాతో అన్నాడు, మామయ్యగారికి మాత్రం తెలియదు. నేను చెబుతుంటే ఆయన ముఖం పాలిపోయింది. "నా వల్లా?" అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తెల్లవారుజామున గుడి గంట మోగలేదు. ఆయన లేచే ఉన్నారు, మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నారు. పెద్దలకు చెబుదామన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టేశాను. మిగతాది రాయాలంటే భయంగా ఉంది. ఏవండీ, నేను మామయ్యగారికి చెప్పకుండా ఇస్త్రీ అక్క దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పేశాను. కప్పులు మా గుడివనీ, పంపింది మా ఆయనేననీ, బావిలో వేసింది మా మామయ్యగారనీ. మీ నాన్నగారి పరువు వీధిలో పెట్టానని మీరంటే పడతాను. కానీ ఆ అర్జీ కింద ఆమె కొంప కూలిపోతుంటే నోరుమూసుకుని జాకెట్లు కుట్టుకుంటూ ఎలా కూర్చోను?

ఆమె అంతా విని, మూలనున్న ఖాళీ గోనెసంచి తీసుకుని కాలవవైపు నడిచింది. నాకు ఇంకా భయమేసింది.

పోయిన ఆదివారం బల్ల. పాస్టర్‌గారు ట్రే ఎత్తేసరికి గుమ్మంలో ఇస్త్రీ అక్క, ఆమె వెనక సందు మొత్తం. ఎన్నడూ గుడి మెట్లెక్కని జనం, చేతుల్లో మూటలు. ఆమె తిన్నగా నడిచొచ్చి బల్ల ముందు మూట విప్పింది. కప్పులు! కడిగి, తుడిచి తెచ్చింది.

"మీ సామాన్లు మీకు అప్పజెబుదామని," అంది.

మామయ్యగారు లేచారు. కర్ర కూడా తీసుకోకుండా కుంటుకుంటూ ఆమె ముందుకెళ్లి చేతులు జోడించారు. "అమ్మా, బావిలో వేసింది నేనే. నీ ఇల్లు ముంచింది నేనే. క్షమించు తల్లీ."

"నువ్వు తెలియక వేశావు పెద్దాయనా," అందామె. తర్వాత పాస్టర్‌గారి వంక తిరిగింది. "ఈయన తెలిసీ మా మీద వేశాడు. ఈయన్ని చెప్పమను."

పాస్టర్‌గారు ట్రే దించారు. "అవి మనవే. నేను అబద్ధం చెప్పాను. అర్జీ రేపే వెనక్కి తీసుకుంటాను," అన్నారు. తీసుకున్నారు కూడా. ఇప్పుడు బావిలోంచి మిగతావి తోడుతున్నారు, సందువాళ్లూ మనవాళ్లూ కలిసి. బల్లకు ఇకమీదట కడుక్కునే గాజు కప్పులేనట. అందుకే మీ పెట్టె తిప్పి పంపడం.

ఆ రోజు ఇంటికొస్తూ దారిపొడవునా మామయ్యగారు నా చెయ్యి అందుకోకుండా గోడలు పట్టుకుని నడిచారు. ఇక నా ముఖం చూడరేమో అనుకున్నాను. మన మలుపు దగ్గర ఆగి నా భుజం ఆసరా తీసుకున్నారు.

"అమ్మాయ్, ఆమెకు నువ్వే కదా చెప్పింది?"

"అవును మామయ్యా."

"నన్నూ పిలవాల్సింది. నీతో వచ్చేవాణ్ణి కదా," అన్నారు.

నడివీధిలో నిలబడి బావురుమన్నాను.

ఇట్లు,
మీ తిట్లకూ మీ మాటకూ ఒకేలా ఎదురుచూసే
మీ ఇంటావిడ