జనవరి ఇరవైతొమ్మిదికీ ఫిబ్రవరి ఆరుకీ మధ్య

సింగపూరులోని టోవా పాయోలో ఉంటున్న సుధాకరరావు గారి పెద్ద కూతురు, ఇరవైతొమ్మిదేళ్ళ నందిత అనే నేను, నా వారసులకూ నా మాట నెరవేర్చవలసినవారికీ రాస్తున్న వీలునామా ఇది. నా రక్తానికి పట్టిన జబ్బు నా బుద్ధిని ముట్టుకోలేదు. ఆ సంగతి డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. మందుల వల్ల మధ్యాహ్నం నుంచి మగతగా ఉంటుంది కనుక ఉదయం పూట మాత్రమే రాస్తున్నాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నేనే ఇద్దరిని బలవంతపెట్టబోతున్నాను.

1. ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాశానని ఎవరైనా చూపిస్తే అది చెల్లదు.

2. దీన్ని అమలు చేసే బాధ్యత నా స్నేహితురాలు నిఖిలకు అప్పగిస్తున్నాను. కాన్వెంట్ క్యాంటీన్‌లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి నా కోసం సీటు చోప్ చేసి, అంటే ఎవరూ కూర్చోకుండా ఆపి, ఉంచిన మనిషి తను. నలుగురిలో నిలబడి చోటు అడగడం నాకు చేతకాదని నేను చెప్పకుండానే కనిపెట్టింది. ఇప్పుడు లాయరు ఆఫీసులో పనిచేస్తోంది. నా ఇంగ్లీషు నిఘంటువు తనకు. తెలుగులో రాసిన ఈ పత్రాన్ని ఇంగ్లీషు చేయించడం తన పని. తెలుగులో ఎందుకంటే, దీన్ని ముందుగా చదవవలసిన ఇద్దరూ ఇంగ్లీషు కాగితాన్ని తప్పులు వెతకడానికే చదువుతారు.

3. సాక్షులుగా మా నాన్న సుధాకరరావు గారినీ, మా మామయ్య చక్రధర్ గారినీ కోరుతున్నాను. మామయ్య అంటే మా అమ్మ హైమావతికి అన్న. సెరంగూన్‌లో ఉంటారు. ఎందుకు వీళ్ళనే కోరుతున్నానో రాయాలి.

మామయ్య ఓడరేవులో పనిచేశారు. ఓడ వచ్చి ఆగితే వచ్చినట్టే ఆయనకు. నాన్న బ్యాంకులో పత్రాలు సరిచూసేవారు. సంతకం పడనిది జరగనట్టే ఆయనకు. ఆదివారం ఉదయాలు ఇద్దరూ కలిసి, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళను వెంటబెట్టుకుని నది ఒడ్డున తిప్పి ఊరి చరిత్ర చెప్పేవారు. ఇంగ్లీషు దొర దిగిన చోట నిలబెట్టిన తెల్ల విగ్రహం దగ్గర ఆగగానే మొదలయ్యేది.

"పిల్ల పుట్టిన రోజంటే ఏది బావా? కడుపులోంచి బయటపడ్డ రోజా, మునిసిపాలిటీ వాడు సర్టిఫికెట్టిచ్చిన రోజా? పద్దెనిమిది వందల పంతొమ్మిది, జనవరి ఇరవైతొమ్మిదిన దిగాడు. ఊరు పుట్టింది. అయిపోయింది" అనేవారు మామయ్య.

"దిగితే? దిగినవాళ్ళంతా ఊళ్ళు పుట్టించేస్తే చాంగీ ఎయిర్‌పోర్టులో గంటకో ఊరు పుట్టాలి. ఫిబ్రవరి ఆరున ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి, జెండా లేచింది. పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగిపోయినవాణ్ణి అల్లుడంటామా బావా?" అనేవారు నాన్న.

జనం నవ్వేవారు. అమ్మ పులిహోర పొట్లాలు పంచుతూ, "ఈ ఊరు ఎప్పుడు పుట్టిందో గానీ నాకు మాత్రం రెండు రోజులూ పాయసం పనే" అనేది. నిజంగానే రెండు రోజులూ చేసేది.

దొర దిగి రెండువందల ఏళ్ళు నిండిన సంవత్సరం మా తెలుగువాళ్ళు ఒక చిన్న సభ పెట్టుకున్నారు. వేదిక మీదా ఇదే వాదన. ఈసారి చేతిలో మైకు ఉంది. మామయ్య ఒక మాట ఎక్కువ అన్నారు. "మా బావకి కాగితాలంటే అంత ప్రేమ ఎందుకనుకున్నారు? నేను సర్దిపెట్టిన కాగితాల మీదే వచ్చాడు గనక. ముక్కూ మొహం తెలీని ఊళ్ళో సూట్‌కేసుతో దిగినవాణ్ణి నేను."

నాన్న మైకు అందుకున్నారు. "దిగావు సరే. ఇన్నేళ్ళయినా పుట్టిన దేశం పాస్‌పోర్టే జేబులో పెట్టుకు తిరుగుతున్నావు. ఈ ఊరు నాదని ఒక్క సంతకం పెట్టలేనివాడివి, దాని పుట్టినరోజు నువ్వు చెబుతావా?"

ఎవరూ నవ్వలేదు. ఇద్దరూ ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు.

రెండేళ్ళకు అమ్మ ఆసుపత్రిలో చేరింది. మామయ్య వస్తే నాన్న టీ పేరు చెప్పి కిందికి వెళ్ళేవారు. నాన్న పైకి వస్తున్నారంటే మామయ్య మెట్ల దారి పట్టేవారు. "మీ నాన్నా, మా అన్నయ్యా ఒక్కసారి కలిసి రారుటే?" అని అమ్మ అడిగింది. వాళ్ళను కూడా అడిగింది. రాలేదు. మందాయ్ శ్మశానవాటికలో హాలుకు చెరో చివర నిలబడ్డారు. అమ్మను చివరిసారి చూడడానికి చెరో వైపు నుంచి వచ్చి చెరో వైపుకు వెళ్ళారు.

ఇక్కడి చట్టం ప్రకారం వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇక్కడి ఇంగ్లీషు యాస కలిసిన నిఖిల మాటల్లో, "నువ్వు సైన్ చేసేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉండాలి లా. ఒకళ్ళు పొద్దున, ఒకళ్ళు సాయంత్రం అంటే కెనాట్." తమ ఆఫీసు నుంచి ఇద్దరిని తెస్తానంది. ఐదు నిమిషాల పని అంది. ఐదు నిమిషాలలో అయిపోతుంది కాబట్టే వద్దన్నాను.

అమ్మ అడిగితే రాలేదు. చట్టం అడిగితే వస్తారేమో.

వాళ్ళిద్దరూ నా గదిలో ఒకేసారి ఉండేదాకా సంతకం పెట్టను. అది పడకుండా నేను పోతే ఈ కాగితానికి విలువ లేదు. అప్పుడు నాకున్నదంతా చట్ట ప్రకారం నాన్నకే వెళుతుంది, చెల్లికి ఏమీ రాదు. నాన్నా, మామయ్యా, దీన్ని బెదిరింపు అనుకుంటే అనుకోండి.

4. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా నా చెల్లెలు తన్మయికి. నా పుస్తకాలు కూడా. ముందు చివరి పేజీ చదివి, అది నాకు చెప్పేసే నీ అలవాటు మీద నాకు ఇప్పటికీ కోపమే. అయినా అన్నీ నీకే. అమ్మ ముక్కుపుడక నీకు. నేను తెలుగులో పిలిస్తే నువ్వు ఇంగ్లీషులో "కమింగ్ లా" అని పలికి, రాకుండా ఫోను చూస్తూ కూర్చున్న సాయంత్రాలన్నీ నాకు ఇష్టమే.

5. సాక్షికి గానీ, సాక్షి జీవిత భాగస్వామికి గానీ రాసిచ్చినది చెల్లదు. కనుక నాన్నకూ, మామయ్యకూ, మామయ్య భార్య భార్గవి అత్తయ్యకూ ఈ పత్రంలో ఏమీ లేదు. ఇవ్వలేనివి చెప్పుకోవడానికి అడ్డు లేదని నిఖిల అంది.

నాన్నా, నా గదిలో ఫ్యాను మీ గదిలో దానికన్నా బాగా తిరుగుతుంది. ఇల్లు మీది కనుక ఫ్యానూ మీదే, నేను ఇచ్చేదేమీ లేదు. ఆ గదిని తలుపు వేసి ఉంచవద్దు. ఉక్కపోసిన రాత్రులు అక్కడ పడుకోండి.

మామయ్యా, నడకల్లో ముందు నడిచేవారు ఎత్తి పట్టుకునే పసుపు గొడుగు నా దగ్గరే ఉంది. సభ తరువాత ఇద్దరూ దాన్ని కుర్చీ కింద వదిలేసి పోయారు. అది తన్మయికి రాస్తున్నాను. తన్మయీ, ఒక్కరే వచ్చి అడిగితే ఇవ్వకు.

ఏ తప్పూ చేయకుండా నష్టపోతున్నది భార్గవి అత్తయ్య ఒక్కతే. అమ్మ ఊదారంగు పట్టుచీర అత్తయ్యకు చేరాలి. చట్టం ఒప్పుకోదు కనుక అదీ తన్మయికే. తన్మయి ఎప్పుడైనా దాన్ని అత్తయ్య ఇంట్లో మరిచిపోయి రావచ్చు.

6. ఊరి పుట్టినరోజు గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. బడిలో ఒకసారి అడిగారు. చరిత్ర పరీక్షలో ఊరు ఎప్పుడు స్థాపించారన్న ప్రశ్నకు నేను రెండు తేదీలూ రాశాను. ఒకటి రాస్తే మామయ్య, రెండోది రాస్తే నాన్న బాధపడతారని. టీచరు సున్నా వేసి, "చూజ్ వన్, నందితా. బోత్ కెనాట్" అంది. ఆవిడ మీద నాకు ఇంకా కోపం ఉంది.

పెద్దయ్యాక గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తూ చాలా చదివాను. దొర దిగిన రోజుకు నది ముఖద్వారం దగ్గర జనం ఉన్నారు. పడవలు ఉన్నాయి. అంతకు ఐదువందల ఏళ్ళ ముందూ ఇక్కడ ఒక పట్టణం ఉంది. ఆ రోజు ఒడ్డున ఎవరో చేపలు ఎండబెట్టుకుంటూ, ఇంకెవరో వచ్చారని తల ఎత్తి చూసి ఉంటారు. వాళ్ళకు అది ఊరి మొదటి రోజని తెలియదు. నాన్నా, మామయ్యా, మీరు ఏ రోజు వచ్చారో, ఏ రోజు సంతకం పెట్టారో నాకు అక్కరలేదు. నాకు తెలివి వచ్చేసరికి మీరిద్దరూ ఉన్నారు. నా ఊరు అదే.

7. అంత్యక్రియల గురించి రాసినది ఎవరినీ కట్టడి చేయదని నిఖిల చెప్పింది. కట్టడి కాదు, మనవి. అమ్మకు జరిగినట్టు నాకు జరగకూడదు. హాలులో ఇద్దరూ ఒకే వైపు నిలబడండి. మాట్లాడుకోనక్కరలేదు. నా గురించి వేదిక ఎక్కి ఎవరూ ఏమీ చెప్పవద్దు. మైకు వద్దు.

8. పైన రాసినదంతా నా సొంత మాట. దీన్ని ఈ రోజు, 2025 ఫిబ్రవరి మూడున, రాయడం ముగించాను. సంతకం చోటూ, ఆ తేదీ చోటూ ఖాళీగా ఉంచి నిఖిల చేతికి ఇస్తున్నాను. నాన్నకూ మామయ్యకూ చెరొక ప్రతి ఈ రోజే పంపుతున్నాను. నేను ఇంటి దగ్గరే ఉంటాను.

*

ధ్రువీకరణ, నిఖిల చేతిరాతతో:

పై వీలునామాను నందిత మంచం పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె విని, అర్థం చేసుకుని, తల ఊపి ఒప్పుకుంది. కలం పట్టే సత్తువ లేనందున సంతకానికి బదులు వేలిముద్ర వేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నది మొదటి సాక్షి. కాగితం కదలకుండా పట్టుకున్నది రెండో సాక్షి. ఆ సమయంలో ఇద్దరూ గదిలోనే ఉన్నారు. ఆ తరువాత కూడా ఉన్నారు.

తేదీ: 2025 అక్టోబరు 19, టోవా పాయో, సింగపూరు

నందిత, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
చక్రధర్, సెరంగూన్
సుధాకరరావు, టోవా పాయో