కనవడని దీపం ఖరీదు

సలాలా, 1978

శాంతవ్వకు, నేను మంచిగున్న, రంది పడకు.

ఇక్కడ ఒక సేటు ఇంట్ల చెక్క కప్పు లోపల దీపాలు దాచి పెట్టే పని నాది. బల్బు కనవడది, వెలుగే కిందికి దిగుతది. బల్బు, తీగె, కూలి కలిపి ఒక్కో దీపానికి పన్నెండు రియాళ్లని మా ఫోర్‌మన్ రషీద్ భాయ్ చెప్తే సేటుకు కోపమచ్చింది. "కనవడని దీపానికి అంత పైకమా? వేలాడేటియే పెట్టుండ్రి" అన్నడు. నేను ఊకోలేదు. చెక్క కాలకుండ బల్బు చుట్టు జాగ ఇడిచి, ఒక్కటి బిగించి చూపెట్టిన. సేటు తల్లి వచ్చి దాని కింద కూసున్నది. కండ్లకు గుచ్చుతలేదని లేవనే లేదు. ఇగ సేటు ఇల్లంత గట్లనే పెట్టుమన్నడు, అదీ నన్నే పెట్టుమన్నడు.

మనింటికి స్లాబు పోసే ముందు, మన దీపం గూడ గట్లనే దాగేటట్టు, నేను పంపిన పాలపొడి డబ్బను నడిమి అర్ర సెంట్రింగు చెక్కల మీద బోర్లిచ్చి, తీగెకు పైపు ఏయుమని గంగన్న మేస్త్రికి చెప్పు. మనకు ఆ డబ్బనే ఖర్సు. పోసినంక పలగ్గొడితే తడిసి మోపెడయితది. బర్రె ఈనిందా? పిల్లకు జరం తగ్గిందా? అవ్వకు దండాలు.

కవరైతే నువ్వొక్కదానివే వింటవని కార్డు రాసిన. తీగెలు చుట్టేటోనికి పిల్లనిచ్చిన్రా అని నవ్విన మీ చిన్నాయిన అరుగు మీద ఉన్నప్పుడే టపా ఆయనతోని చదివిపిచ్చుకో. గట్టిగ చదువుమను.

నీ దుబ్బరాజం